గేర్‌బాక్స్‌కు అదనపు ఆయిల్ కూలర్: తప్పులతో సహా పని డైరీ

ఈ పని మొదలుపెట్టేవారు ముందుగా గుర్తుంచుకోవలసిన సంఖ్య 42 సెకన్లు. నా వాహనం కదలకుండా నిలిచి, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా గేర్‌బాక్స్ పంపు కూలర్ గొట్టాల్లోకి నిమిషానికి సుమారు 4.3 లీటర్ల ఆయిల్ తోస్తోంది. ఒక గొట్టం ఊడిపోతే మూడు లీటర్లు నేలపాలు కావడానికి 42 సెకన్లు చాలు. ఆపైన పంపు ఆయిల్‌కు బదులు గాలి పీలుస్తుంది, లోపలి క్లచ్‌లు జారి కాలిపోతాయి. గేర్‌బాక్స్‌ను కాపాడాలని చేసే పనే దాన్ని చంపగలదు. అందుకే ప్రతి దశ చివర గంటలు, ఆయిల్ లెక్కతో పాటు గొట్టాల కొసలు ఎన్ని ఉన్నాయో కూడా రాశాను. ప్రతి కొసా ఆయిల్ కారగల చోటే.

వాహనం: విడి ఛాసీ మీద బాడీ ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్, డీజిల్ ఇంజన్, ఐదు గేర్ల ఆటోమేటిక్, మామూలు నడకకు వాడే హై రేంజ్‌తో పాటు లో రేంజ్ (వేగం తగ్గించి లాగే బలం పెంచే గేరు) ఉంది. గేర్‌బాక్స్‌లో సుమారు 9 లీటర్ల ఆయిల్ పడుతుంది. ఆయిల్ మట్టం చూసే కడ్డీ (డిప్‌స్టిక్) లేదు. కంపెనీ ఇచ్చిన కూలర్ రేడియేటర్ కింది ట్యాంకు లోపలే ఉంటుంది. అందులో ఆయిల్‌ను చల్లబరిచేది గాలి కాదు, ఇంజన్ నీళ్లు.

దశ 1: బిగించకముందు కొలతలు

మొదట ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో గేర్‌బాక్స్ కింది ప్యాన్ వేడి కొలిచాను. ఆ అంకెలను నమ్మి రెండు రోజులు పోగొట్టుకున్నాను. ప్యాన్ బయటి గోడకు గాలి తగులుతుంది కాబట్టి లోపలి ఆయిల్ కన్నా అది 14 డిగ్రీలు తక్కువ చూపించింది. గేర్‌బాక్స్‌కు సొంత సెన్సర్ ఉంది. దాన్ని చదవగల ఓబీడీ రీడర్ (వాహనం కంప్యూటర్‌లోని అంకెలు చూపే పరికరం) తగిలించాక అసలు అంకెలు తెలిశాయి. కింద రాసినవన్నీ సెల్సియస్‌లో, బయటి గాలి 34 డిగ్రీలు ఉన్నప్పుడు, ఇద్దరు మనుషులు, 300 కిలోల బరువుతో తీసినవి.

1. చదునైన రోడ్డు, గంటకు 90 కి.మీ. వేగం: 86
2. ఆగుతూ కదులుతూ 40 నిమిషాలు: 97
3. మూడు కిలోమీటర్ల నిటారు కంకర ఎక్కుడు, హై రేంజ్: పైకి చేరేసరికి 126
4. అదే ఎక్కుడు, లో రేంజ్: 108

మూడో అంకెకూ నాలుగో అంకెకూ మధ్య తేడా చూడండి. మీట ఒకటి మార్చినందుకే 18 డిగ్రీలు తగ్గాయి. కారణం టార్క్ కన్వర్టర్, అంటే ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు చేర్చే భాగం. వేగం తక్కువగా, బరువు ఎక్కువగా ఉన్నప్పుడు దాని రెండు వైపులనూ కలిపి పట్టే లాకప్ క్లచ్ విడిపోయి ఉంటుంది. ఇంజన్ తిప్పుతున్న ఆయిల్ అవతలి చక్రాన్ని నెడుతుంది, కానీ రెండూ ఒకే వేగంతో తిరగవు. ఆ తేడా అంతా వేడిగా మారుతుంది. ఇంజన్ 40 కిలోవాట్లు ఇస్తూ కన్వర్టర్ 80 శాతం మాత్రమే అవతలికి చేరిస్తే మిగిలిన 8 కిలోవాట్లు నేరుగా ఆయిల్‌లోకి పోతాయి. లో రేంజ్‌లో అదే వేగానికి కన్వర్టర్ ఎక్కువ వేగంగా తిరుగుతుంది, జారడం తగ్గుతుంది. ఎక్కుళ్ల మీద లో రేంజ్ వాడే అలవాటు లేనివారు ఈ డైరీ పక్కన పెట్టి ముందు ఆ అలవాటు చేసుకోవాలని మనస్ఫూర్తిగా చెబుతున్నాను. చాలామందికి కూలర్ అవసరమే పడకపోవచ్చు.

నాకు పడింది. ఇసుకలోనూ, బరువైన ట్రెయిలర్‌ను లాగేటప్పుడూ లో రేంజ్ అన్నివేళలా కుదరదు. ప్రతి పది డిగ్రీలకు ఆయిల్ ఆక్సీకరణ వేగం దాదాపు రెట్టింపు అవుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే ముతక లెక్క. ఆ లెక్కన 96 డిగ్రీల దగ్గర కన్నా 126 దగ్గర ఆయిల్ ఎనిమిది రెట్లు వేగంగా పాడవుతుంది.

తరువాత ప్రవాహం కొలిచాను. ఇది చాలామంది వదిలేసే పని. నాకు చివరికి దారి చూపింది ఇదే.

1. గేర్‌బాక్స్‌లోకి తిరిగివచ్చే గొట్టాన్ని గేర్‌బాక్స్ దగ్గర విప్పి, కొలత గీతలున్న సీసాలో పెట్టాలి.
2. తాళం దగ్గర మరొకరు ఉండాలి. మా తమ్ముడు కూర్చున్నాడు.
3. గేరు పార్కింగ్‌లో ఉంచి ఇంజన్ ఆన్ చేయాలి. సీసాలో ఒక లీటరు పడగానే ఆపాలి.
4. పట్టిన ఆయిల్ పక్కన పెట్టి, అంతే కొత్త ఆయిల్ పోశాకే మళ్లీ ఇంజన్ ఆన్ చేయాలి.

ఒక లీటరుకు 14 సెకన్లు పట్టింది. మొదట చెప్పిన 42 సెకన్లు ఇక్కడి నుంచి వచ్చినవే.

మొత్తం ఇప్పటివరకు: 5 గంటలు. ఆయిల్ బయటికి 1.00 లీటరు, లోపలికి 1.00 లీటరు. గొట్టాల కొసలు 4, అన్నీ కంపెనీవే. రేడియేటర్ దగ్గర రెండు పొట్టి రబ్బరు గొట్టాలు, ఒక్కోదానికి రెండు కొసలు.

దశ 2: ఏ పైపు ఎటు పోతుంది

అదనపు కూలర్‌ను రేడియేటర్ తరువాత పెట్టాలి. గేర్‌బాక్స్, రేడియేటర్, కొత్త కూలర్, మళ్లీ గేర్‌బాక్స్: ఇదీ వరుస. రేడియేటర్‌ను పూర్తిగా తప్పించడం నాకు ఇష్టం లేదు. ఉదయం చల్లగా ఉన్న ఆయిల్‌ను వేడెక్కించేది కూడా ఆ నీళ్లే. ఈ వరుస కుదరాలంటే రేడియేటర్‌కు వచ్చే రెండు స్టీలు పైపుల్లో తిరుగు పైపు ఏదో తెలియాలి. ప్రవాహం కొలిచినప్పుడు గేర్‌బాక్స్ దగ్గర తిరుగు గొట్టం విప్పాను కానీ, ఆ పైపులు ఛాసీ వెంట పోతూ ఒక చోట ఒకదాన్నొకటి దాటుతాయి. ముందువైపు ఏది ఏదో అప్పుడు గుర్తు పెట్టుకోలేదు. రంగు టేపు ముక్క ఒకటి చుట్టి ఉంటే తరువాతి పదిహేను గంటల శ్రమలో సగం తప్పేది.

నేను చేసింది ఇది: ఇంజన్ ఆన్ చేసి పది నిమిషాలు ఆగి, రెండు పైపుల వేడి కొలిచాను. పై పైపు 58, కింది పైపు 49. గేర్‌బాక్స్ నుంచి వచ్చేది వేడిగా ఉంటుంది, చల్లబడి పోయేది తక్కువ వేడిగా ఉంటుంది అనుకుని కింది పైపే తిరుగు పైపు అని నిర్ణయించాను.

అది తప్పు. ఎందుకు తప్పో దశ 6లో ఉంది.

దశ 3: కూలర్, దాని చోటు, బ్రాకెట్లు

పలకలను ఒకదానిపై ఒకటి పేర్చిన రకం కూలర్ తీసుకున్నాను. 280 × 190 × 38 మి.మీ. గొట్టం మెలికలు తిరిగే రకం కన్నా అదే పరిమాణంలో ఇది ఎక్కువ వేడి తీస్తుంది. చల్లటి చిక్కటి ఆయిల్‌కు కూడా దారి ఇస్తుంది. 75, 80 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ వాల్వు గురించి చాలాసేపు ఆలోచించి మానుకున్నాను. ఆ వాల్వుకు నాలుగు రంధ్రాలు, అంటే మరో నాలుగు కొసలు. మంచు గడ్డకట్టే చోట నడిపేవారికి మాత్రం అది అవసరం.

చోటు ఎంచుకోవడానికి పలుచని కాగితం ముక్క సాయపడింది. ఇంజన్ నడుస్తూ, ఏసీ ఆన్‌లో ఉండగా ఆ కాగితాన్ని గ్రిల్ వెనక ఒక్కో చోట పట్టుకున్నాను. ఫ్యాను లాగే చోట కాగితం కండెన్సర్‌కు (రేడియేటర్ ముందుండే ఏసీ జాలికి) అతుక్కుంటుంది. బంపర్ వెనక కింద ఎడమ పక్కన, గొట్టాలకు అన్నిటికన్నా దగ్గరి దారి అయిన చోట, కాగితం జారి పడిపోయింది. గంటకు పది కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్నప్పుడు ఎదురుగాలి ఉండదు. ఫ్యాను లాగే గాలే దిక్కు. అందుకని కింది చోటు వదిలి ఏసీ కండెన్సర్ ముందు, పై భాగంలో పెట్టాలని నిర్ణయించాను.

కూలర్‌తో పాటు పొడవాటి ప్లాస్టిక్ కడ్డీలు ఇచ్చారు. వాటిని కండెన్సర్ రెక్కల మధ్య నుంచి దూర్చి బిగించాలట. దయచేసి వాటిని వాడకండి. వాహనం అదిరిన ప్రతిసారీ ఆ కడ్డీ కండెన్సర్ గొట్టాన్ని రుద్దుతుంది. కంకర దారుల్లో అది రంధ్రం పడేదాకా ఆగదు.

అట్టతో నమూనా కోసుకుని, 2 మి.మీ. అల్యూమినియం పట్టీతో నాలుగు బ్రాకెట్లు చేశాను. కండెన్సర్‌కు, కూలర్‌కు మధ్య 12 మి.మీ. ఖాళీ. కూలర్ మూతులు పైకి ఉండేలా పెట్టాను, గాలి లోపల చిక్కుకోకుండా. పట్టీలను వైస్‌లో బిగించి సుత్తితో కొట్టి పదునైన మూలగా వంచాను. ఆ మూల గురించి తరువాత చెబుతాను.

మొత్తం: 12 గంటలు. ఆయిల్ మార్పు లేదు. కొసలు 4.

దశ 4: మొదటి బిగింపు

గొట్టం విషయంలో రాజీ పడలేదు. డీజిల్ గొట్టం చూడటానికి ఇలాగే ఉంటుంది, కానీ వేడి గేర్ ఆయిల్‌ను ఏళ్ల తరబడి తట్టుకునేలా అది తయారు కాలేదు. గొట్టం మీద ఎస్‌ఏఈ జె1532 అని ముద్ర ఉండాలి. అది గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ గొట్టాల ప్రమాణం. లోపలి వ్యాసం 9.5 మి.మీ.

1. కింది స్టీలు పైపును పైపు కట్టర్‌తో కోశాను. రంపం వాడితే రజను లోపలికి పోతుంది, అది చివరికి గేర్‌బాక్స్‌లోనే తేలుతుంది.
2. కోసిన అంచు లోపలి గరుకును తీసి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, గాలి కొట్టాను.
3. రెండు కొసలకూ ఉబ్బు చేశాను. బ్రేకు పైపులకు వాడే డబుల్ ఫ్లేరింగ్ పరికరంలో మొదటి అచ్చు వరకే వాడి ఆపితే పైపు చివర గుండ్రని ఉబ్బు వస్తుంది.
4. గొట్టాన్ని ఉబ్బు దాటి 30 మి.మీ. లోపలికి తోసి, క్లాంపును ఉబ్బుకు వెనక బిగించాను.

మూడో అడుగు వదిలేసినవారి వాహనాల్లోనే గొట్టాలు ఊడుతుంటాయి. నున్నటి పైపు మీద క్లాంపు ఎంత బిగించినా, వేడెక్కి చల్లారే కొద్దీ గొట్టం కొంచెం కొంచెంగా జారుతుంది. దీన్ని బల్ల మీద పరీక్షించాను. ఉబ్బు లేని పాత పైపు ముక్కకు గొట్టం తొడిగి, క్లాంపు బిగించి, వేడి ఆయిల్‌లో ముంచి తీసి లాగితే చేతి బలానికే జారింది. ఉబ్బు ఉన్న పైపు మీద నా బరువంతా వేసినా కదలలేదు.

క్లాంపుల్లో పట్టీ మీద చీలికలున్న రకం వద్దు. ఆ చీలికల్లోకి రబ్బరు పొంగుకొచ్చి తెగుతుంది. పట్టీ నున్నగా ఉండి, అంచులు పైకి తిరిగిన రకం వాడాను.

మొత్తం: 18 గంటలు. ఆయిల్ బయటికి 1.42, లోపలికి 1.89 లీటర్లు. కొసలు 8.

దశ 5: ఆయిల్ మట్టం

కొత్తగా ఎంత ఆయిల్ పడుతుందో ముందే లెక్క కట్టుకోవచ్చు. కూలర్‌ను ఆయిల్‌తో నింపి వంపి కొలిస్తే 310 మి.లీ. వచ్చింది. 9.5 మి.మీ. గొట్టంలో మీటరుకు 71 మి.లీ. పడుతుంది. 2.2 మీటర్లకు 156. మొత్తం 466 మి.లీ. కారిపోయిన 420 మి.లీ. కలిపి 890 దాకా పోశాను.

డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్స్‌లో మట్టం చూడటానికి ప్యాన్ పక్కన ఒక ప్లగ్ ఉంటుంది. వాహనం చదునుగా ఉండి, ఇంజన్ నడుస్తూ, ఆయిల్ నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు ప్లగ్ తీస్తే సన్నటి ధారగా కారి ఆగిపోవాలి. నా వాహనానికి ఆ వేడి 35 నుంచి 45 డిగ్రీలు. నేను కొసలన్నీ తడిమి చూసి, చేతులు తుడుచుకుని కిందికి దూరేసరికి ఆయిల్ 62 డిగ్రీలకు చేరింది. అయినా ప్లగ్ తీశాను. 150 మి.లీ. బయటికి వచ్చింది. ఎక్కువ పోశానేమో అనుకుని మూసేశాను.

రాత్రి కూర్చుని లెక్క వేసుకుంటే విషయం అర్థమైంది. ఆయిల్ ఒక్కో డిగ్రీకి పదివేలలో ఏడెనిమిది వంతులు వ్యాకోచిస్తుంది. తొమ్మిది లీటర్లు, 22 డిగ్రీలు అంటే సరిగ్గా ఆ 150 మి.లీ. దగ్గరికే వస్తుంది. మర్నాడు చల్లారాక 40 డిగ్రీల దగ్గర చూస్తే చుక్క రాలేదు. 150 మి.లీ. పోశాకే సన్నటి ధార వచ్చింది.

లోపలికి పోసినదాంట్లోంచి బయటికి వచ్చినది తీసేస్తే 0.47 లీటర్లు మిగులుతాయి. కూలర్, గొట్టాలు పట్టే పరిమాణం అదే. ఈ రెండు అంకెలు కలవకపోతే ఎక్కడో కారుతున్నట్టు, లేదా మట్టం తప్పినట్టు. ప్రతిదీ సీసాలో పట్టి కొలవండి, గుడ్డతో తుడిచేసి అంచనా వేయకండి.

మొత్తం: 19.5 గంటలు. బయటికి 1.57, లోపలికి 2.04. కొసలు 8.

దశ 6: 13 డిగ్రీలు ఎక్కడికి పోయాయి

అదే ఎక్కుడు, అదే బరువు, గాలి 33 డిగ్రీలు. హై రేంజ్‌లో పైకి చేరేసరికి 121. ఐదు డిగ్రీలే తగ్గింది. చదునైన రోడ్డు మీద 86 కాస్తా 84 అయింది. ఇంత పనికి రెండు డిగ్రీలు.

కూలర్ చిన్నదేమో అనిపించింది. పెద్దది తెప్పించే ముందు కె రకం థర్మోకపుల్స్ (వేడి కొలిచే తీగలు) రెండు తీసుకుని, కూలర్ లోపలికి వెళ్లే మూతికీ బయటికి వచ్చే మూతికీ అల్యూమినియం టేపుతో అంటించి, ఎదురుగాలి తగలకుండా పైన నురుగు ముక్క చుట్టాను. చదునైన రోడ్డు మీద లోపలికి 84, బయటికి 71. కూలర్ 13 డిగ్రీలు తీస్తోంది! మరి గేర్‌బాక్స్ ఎందుకు చల్లబడటం లేదు?

మూడో థర్మోకపుల్‌ను తిరుగు పైపు గేర్‌బాక్స్‌కు కలిసే చోట పెట్టాను. అక్కడ 82. కూలర్ నుంచి 71 దగ్గర బయలుదేరిన ఆయిల్ దారిలో 11 డిగ్రీలు వేడెక్కి గేర్‌బాక్స్ చేరుతోంది. ఆ దారిలో దాన్ని వేడి చేయగలిగింది ఒక్కటే ఉంది, 88 డిగ్రీల నీళ్లున్న రేడియేటర్. నేను కూలర్‌ను రేడియేటర్‌కు ముందు పెట్టాను. కూలర్ తీసిన వేడిని నీళ్లు తిరిగి ఇచ్చేస్తున్నాయి.

ఖాయం చేసుకోవడానికి సీసా పరీక్ష చేశాను.

1. రేడియేటర్ దగ్గర పై గొట్టం విప్పి, రేడియేటర్ మూతి కింద ఒక సీసా, గొట్టం కొస కింద మరో సీసా పెట్టాలి.
2. తాళం దగ్గరివారు ఇంజన్ ఆన్ చేసి, నాలుగు సెకన్లలో ఆపాలి.
3. రేడియేటర్ మూతి నుంచి ఆయిల్ వస్తే విప్పినది తిరుగు వైపు. గొట్టం నుంచి వస్తే అది గేర్‌బాక్స్ నుంచి వచ్చే వైపు.

రేడియేటర్ మూతి నుంచి 300 మి.లీ. వచ్చింది. పై పైపే తిరుగు పైపు. నేను కోసింది గేర్‌బాక్స్ నుంచి వచ్చే పైపును.

దశ 2లో కొలత సరిగానే ఉంది, దాని అర్థమే తప్పు. ఇంజన్ ఆన్ చేసిన పది నిమిషాలకు నీళ్లు వేడెక్కి రేడియేటర్‌లోకి వచ్చేశాయి. బరువు లాగని గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఇంకా చల్లగానే ఉంది. ఆ సమయంలో రేడియేటర్ ఆయిల్‌ను చల్లబరచదు, వేడి చేస్తుంది. కాబట్టి అప్పుడు వేడిగా ఉన్నదే తిరుగు పైపు. వేడిని బట్టి పైపు గుర్తించాలనుకునేవారు గట్టి ఎక్కుడు ఎక్కి దిగిన వెంటనే కొలవాలి. సీసా పరీక్ష పది నిమిషాల పని. అది చేస్తే వేడి కొలతతో అవసరమే ఉండదు.

మొత్తం: 23.5 గంటలు. బయటికి 1.87, లోపలికి 2.34. కొసలు 8.

దశ 7: రెండో బిగింపు

ఈసారి పైపు కోయకూడదని నిశ్చయించుకున్నాను. రేడియేటర్ తిరుగు మూతికీ స్టీలు పైపుకూ మధ్య కంపెనీ ఇచ్చిన పొట్టి రబ్బరు గొట్టం ఎలాగూ ఉంది. దాన్ని తీసేసి, ఆ మూతి నుంచి కూలర్‌కు ఒక గొట్టం, కూలర్ నుంచి స్టీలు పైపుకు ఒక గొట్టం వేస్తే సరిపోతుంది. పైపు మీద కంపెనీ చేసిన ఉబ్బు ఉండనే ఉంది. కొత్తగా వచ్చే కొసలు రెండే. మొదటిసారే ఈ ఆలోచన రావలసింది. నాలాంటి వాహనం ఉన్నవారు పైపు కట్టర్ బయటికి తీయకముందే ఈ పొట్టి గొట్టం ఉందేమో చూడాలి.

కోసిన పైపును తాత్కాలికంగా గొట్టం ముక్కతో కలిపాను. దానికి రెండు కొసలు.

పాత బ్రాకెట్లు విప్పుతున్నప్పుడు ఎడమవైపు పై బ్రాకెట్‌లో, సుత్తితో కొట్టిన మూల వెంట, వెంట్రుకంత సన్నటి పగులు కనిపించింది. అప్పటికి నడిచింది 280 కి.మీ. అల్యూమినియం అదురుకు అలసిపోతుంది, పదునైన మూల దగ్గర ముందుగా. నాలుగింటినీ పక్కన పెట్టి 3 మి.మీ. ఇనుప పట్టీతో కొత్తవి చేశాను. మూలను 10 మి.మీ. గుండ్రటి కడ్డీ చుట్టూ వంచి, బోల్టుల దగ్గర రబ్బరు బుష్‌లు వేసి, తుప్పు పట్టకుండా రంగు పూశాను. పాత బ్రాకెట్ విరిగి ఉంటే కూలర్ బరువు గొట్టాల మీద వేలాడేది. అది తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

గొట్టాలు ఇప్పుడు హెడ్‌లైట్ వెనక నుంచి తిరగాలి. మొత్తం 2.6 మీటర్లు. బిగించి, ప్రవాహం కొలిచాను. లీటరుకు 27 సెకన్లు. ముందున్న 14కు ఇది దాదాపు రెట్టింపు. తిరుగు ఆయిల్ గేర్‌బాక్స్ లోపలి బేరింగులను తడిపే ఆయిల్ కూడా. అది సగానికి తగ్గితే వేడి తగ్గి ఏం లాభం? హెడ్‌లైట్ వెనక చేయి పెట్టి తడిమితే గొట్టం ఒక చోట నొక్కుకుపోయి బల్లపరుపుగా తగిలింది. పైనుంచి చూస్తే వంపు అందంగానే కనిపిస్తోంది. గొట్టం తయారీదారు చెప్పిన కనీస వంపు వ్యాసార్థం 75 మి.మీ., నేను వంచింది 50కి.

అక్కడ మూల పైపు ముక్క పెట్టవచ్చు, కానీ మరో రెండు కొసలు. అలా కాకుండా గొట్టాన్ని ముందుకు లాగి, కూలర్ కింది నుంచి పెద్ద వంపుగా తిప్పాను. నొక్కుకుపోయిన ముక్కను పారేసి అంతే పొడవు కొత్తది వేశాను. మళ్లీ కొలిస్తే లీటరుకు 16 సెకన్లు. రెండు సెకన్లు కూలర్ అడ్డు. దాన్ని ఒప్పుకోవచ్చు. మొదటి బిగింపులో ఈ కొలత అసలు తీయలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

మొత్తం: 31.5 గంటలు. బయటికి 4.25, లోపలికి 4.75. తేడా 0.50 లీటర్లు. 310కి 2.6 మీటర్ల గొట్టం పట్టే 185 కలిపితే 495. కొసలు 8: కంపెనీ గొట్టానివి రెండు, కొత్త గొట్టాలవి నాలుగు, అతుకువి రెండు.

దశ 8: ఫలితాలు

గాలి 34 డిగ్రీలు, అదే బరువు.

1. చదునైన రోడ్డు, 90 కి.మీ.: 86 నుంచి 77కు
2. ఆగుతూ కదులుతూ 40 నిమిషాలు: 97 నుంచి 89కి
3. ఎక్కుడు, హై రేంజ్: 126 నుంచి 109కి
4. ఎక్కుడు, లో రేంజ్: 108 నుంచి 95కి

ఎక్కుడు మీద కూలర్ మూతుల మధ్య తేడా 14 డిగ్రీలు. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పటి (ఐడిల్) ప్రవాహంతో లెక్కించినా సుమారు ఒకటిన్నర కిలోవాట్ల వేడి తీస్తున్నట్టు. ఎక్కేటప్పుడు ఇంజన్ వేగంతో పాటు ప్రవాహం పెరుగుతుంది, కాబట్టి అసలు అంకె ఇంకా ఎక్కువే.

నష్టాలు కూడా రాయాలి. చల్లటి ఉదయం ఆయిల్ 60 డిగ్రీలకు చేరడానికి ముందు 14 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 19 పడుతోంది. అంతసేపూ లాకప్ క్లచ్ ఆలస్యంగా పట్టుకుంటోంది. దగ్గరి పనులకు మాత్రమే వాహనం తీసేవారికి ఇది లాభం కన్నా నష్టమే. ఏసీ గాలి, వాహనం నిలిచి ఉన్నప్పుడు, 9 డిగ్రీల నుంచి 10.5కు పెరిగింది. కదిలితే తేడా తెలియడం లేదు.

దశ 9: తరువాతి 2,400 కి.మీ.

400 కి.మీ. దగ్గర కూలర్‌లోకి ఆయిల్ వెళ్లే మూతి చుట్టూ తడి కనిపించింది. తడి ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు, ఆయిల్ పాకుతుంది. అంతా శుభ్రంగా తుడిచి, ఆరాక ముఖానికి వాడే పౌడరు చల్లి, 20 నిమిషాలు ఇంజన్ నడిపాను. పౌడరు మీద సన్నటి ఎర్రటి గీత క్లాంపు అంచు నుంచే మొదలైంది. క్లాంపు ఉబ్బుకు వెనక కాకుండా సరిగ్గా ఉబ్బు మీద కూర్చుంది. వెలుతురు చాలని చోట, ఆఖరున బిగించిన క్లాంపు అది. విప్పి 8 మి.మీ. వెనక్కి జరిపాక మళ్లీ తడి లేదు. మొదటి రెండు మూడు ప్రయాణాల తరువాత ప్రతి క్లాంపునూ చల్లగా ఉన్నప్పుడు మరోసారి బిగించాలి. రబ్బరు కొద్దిగా కుదించుకుపోతుంది.

900 కి.మీ. దగ్గర కూలర్ కింద పెద్ద వంపు రేడియేటర్ కింది అడ్డపట్టీకి రుద్దుకుని గొట్టం పైపొర తెల్లబడింది. లోపలి అల్లిక బయటపడలేదు. పాత గొట్టాన్ని నిలువుగా చీల్చి ఆ చోట తొడుగులా వేశాను. పట్టీ అంచును ఆకురాయితో నున్నగా చేసి, గొట్టాన్ని పక్కకు లాగి పట్టుకునే రబ్బరు పూత బిగింపు ఒకటి పెట్టాను.

1,500 కి.మీ. దగ్గర కోసిన పైపు స్థానంలో కొత్త పైపు వచ్చింది. అతుకు ముక్క పోయింది, దాని రెండు కొసలూ పోయాయి. ఆ మార్పులో 0.25 లీటర్లు కారింది, అంతే పోశాను. మట్టం ఈసారి 41 డిగ్రీల దగ్గర చూశాను. ఓబీడీ రీడర్‌ను కిటికీలోంచి కిందికి వేలాడదీసి, కింద పడుకునే చదవగలిగాను.

2,400 కి.మీ. దగ్గర మట్టం ప్లగ్ నుంచి నాలుగు చుక్కలు తెల్ల కాగితం మీద వేశాను. ఎర్రగానే ఉంది, కాలిన వాసన లేదు, మధ్యలో నల్లటి మచ్చ లేదు. ఒక బ్రాకెట్ బుష్ సగం నలిగింది, మార్చాను. ప్రవాహం మళ్లీ కొలవలేదు, 5,000 కి.మీ. దగ్గర ఆరు కొసలు, నాలుగు బుష్‌లతో పాటు అదీ కొలుస్తాను.

మొత్తం: 37 గంటలు. బయటికి 4.50, లోపలికి 5.00 లీటర్లు. కొసలు 6.